పెరటి ప్రశ్నలు: కాయ కొరికింది ఉడుతేనా?

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉడుతల మీద ఫిర్యాదులే. జామ, సీతాఫలం కాపుకు వచ్చే రోజుల్లో ఇది ఏటా ఉండేదే అయినా, ఈసారి పెరటి చెట్ల వారితో పాటు డ్రిప్ పైపులు పోగొట్టుకున్న రైతులు, ఇంటి వెంటిలేటర్‌లో గూడు చూసి ఏం చేయాలో తోచని వారు, ఇంగ్లండులోని కొడుకు ఇంట్లో మరో రకం ఉడుతను చూసి వచ్చిన తల్లిదండ్రులు కూడా రాశారు. అందుకని శీర్షిక మొత్తాన్ని ఉడుతలకే కేటాయించాము. రాసినవారి పేర్లు తీసివేసి ఊరి పేర్లు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: హనుమకొండలో వడ్డేపల్లి వైపు మాకు చిన్న ఇల్లు, వెనుక కొంచెం పెరడు ఉన్నాయి. రెండు జామ చెట్లు, ఒక సపోటా, ఒక దానిమ్మ, గోడ పక్కన ఒక సీతాఫలం చెట్టు పెంచుకున్నాము. కాయ దోరకు రాగానే ఉడుతలు కొరికి పడేస్తున్నాయి. పక్కింటివారు ఎలుకల మందు కలిపిన పిండి ఉండలు పెట్టమని సలహా ఇస్తున్నారు. మా అత్తమ్మ మాత్రం రాముడు వీపు నిమిరిన జీవిని చంపితే పాపం తగులుతుందని, నాలుగు కాయలు తింటే మన సొమ్మేం పోయిందని అంటున్నారు. మా ఆయనకు కాయలు దక్కాలి, అత్తమ్మకు ఉడుతలు బతకాలి. ఇద్దరి మాటా నిలిచే ఉపాయం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మందు ఉండల సంగతి తరువాత చెబుతాను. మీ పెరట్లో కాయలు కొరుకుతున్నది ఉడుతేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఉడుత పగటిపూట తిరిగే జీవి. మన కళ్ళ ముందే కొమ్మ మీద కూర్చుని, ముందరి కాళ్ళతో కాయను పట్టుకుని తింటుంది కనుక నింద మొత్తం దాని మీదికే పోతుంది. రాత్రి వచ్చి తిని పోయేవాటిని ఎవరూ చూడరు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం గబ్బిలమో, మానుపిల్లో, ఎలుకో అయి ఉంటుంది.

దీనిని పరీక్షించడం కష్టం కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చెట్టును ఒకసారి కలియజూసి, మచ్చ లేని కాయలు కొన్నింటి తొడిమలకు రంగు దారం కట్టండి. తెల్లవారి వెలుతురు పూర్తిగా రాకముందే మళ్ళీ చూడండి. దారం కట్టిన కాయ ఆ లోపలే కొరికి ఉంటే ఉడుతకు దానితో సంబంధం లేదు. చెట్టు కింద నమిలి ఉమ్మిన పిప్పి ముద్దలు కనిపిస్తే అది గబ్బిలాల పని. అవి జామ, సపోటా పండ్ల రసం పీల్చుకుని పీచును ఉమ్మేస్తాయి, ఒక్కోసారి పండును మరో చెట్టుకు తీసుకుపోయి తింటాయి కాబట్టి మీ జామ పిప్పి పక్కింటి వేప చెట్టు కింద కూడా దొరకవచ్చు. పగలే నష్టం జరుగుతుంటే అప్పుడు ఉడుతకూ రామచిలుకకూ మధ్య తేడా చూడాలి. చిలుక ముక్కుతో కోసిన చోట అంచు తెగినట్లుగా ఉంటుంది, తిన్నదానికంటే కింద రాల్చింది ఎక్కువగా ఉంటుంది. ఉడుత కొరికిన చోట పక్కపక్కనే జంటగా సన్నని పంటి గాట్లు కనిపిస్తాయి, కాయ చాలాసార్లు కొమ్మకు వేలాడుతూనే ఒక వైపు గుంట పడి ఉంటుంది. కోతి గురించి ఉత్తర తెలంగాణ వారికి నేను కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. విరిగిన కొమ్మలే ఆ సాక్ష్యం చెబుతాయి.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకదానికి పనికొచ్చే ఉపాయం మరొకదానికి పనికిరాదు. చెట్టు మొదలుకు రేకు చుడితే ఉడుత ఆగుతుంది గాని గబ్బిలం ఆగదు. రాత్రి నష్టానికి పగలు కాపలా కాసి ప్రయోజనం లేదు.

ఉడుతే అని తేలిందనుకుందాం. మన ప్రాంతపు ఇళ్ళ చుట్టూ తిరిగేవి వీపున చారలున్న తాటి ఉడుతలు. దక్షిణాదిన మూడు చారలది ఎక్కువ, ఉత్తరాది వైపు పోయేకొద్దీ అయిదు చారలది ఎక్కువ. పెద్ద ఉడుత బరువు సుమారు వంద గ్రాములు. ఇంత చిన్న జీవిని పట్టి ఎక్కడో వదిలేస్తే సమస్య తీరుతుందని చాలామంది అనుకుంటారు. మీ పెరట్లో తిండి, నీరు, గూటికి చోటు ఉన్నంత కాలం ఖాళీ అయిన స్థలంలోకి పక్క వీధి ఉడుతలు కొద్ది రోజుల్లోనే వచ్చి చేరతాయి. మీరు పట్టుకుపోయి వదిలిన ఉడుతకు కొత్త చోట గూడూ తెలియదు, నీరెక్కడుందో తెలియదు, అక్కడి ఉడుతలు దానిని నిలవనివ్వవు. అది తల్లి ఉడుత అయితే ఇక్కడ గూట్లో ఉన్న పిల్లలు ఆకలితో చస్తాయి. పైగా అడవి జీవులను పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వచ్చే వ్యవహారం. ఆ చట్టానికి 2022లో పెద్ద సవరణ జరిగి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అటవీ శాఖను అడగకుండా బోను పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

కాబట్టి మనం చేయగలిగినవి రెండే: అది కాయ దాకా వచ్చే దారిని కష్టతరం చేయడం, వచ్చినా దానికి కాయ దక్కకుండా చూడడం.

దారి సంగతి మొదట చూద్దాం. మీ జామ చెట్టు కొమ్మ ప్రహరీ గోడను తాకుతున్నదా, సీతాఫలం కొమ్మ జామలోకి దూరి ఉన్నదా, కరెంటు సర్వీసు తీగో కేబుల్ తీగో చెట్టు మీదుగా పోతున్నదా అని చూడండి. ఉడుత నేల మీద నడవడం కంటే ఈ పై దారుల్లో పోవడానికే ఇష్టపడుతుంది, నేల మీద పిల్లి భయం ఉంటుంది కదా. కాపు అయిపోగానే కొమ్మలు కత్తిరించి గోడకు, డాబాకు, పక్క చెట్టుకు ఆరేడు అడుగుల ఎడం ఉండేలా చేయండి. జామకు కత్తిరింపు ఎలాగూ మేలే. కొత్త చిగుళ్ళ మీదనే అది పూత పూస్తుంది. ఆ తరువాత మొదలుకు మనిషి ఛాతీ ఎత్తున రెండడుగుల వెడల్పు గల నున్నటి రేకును చుట్టండి. కొబ్బరి తోటల వాళ్ళు ఎలుకల కోసం ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే. రేకును మేకులతో బిగించవద్దు. స్ప్రింగుతోనో, వదులు చేసుకోవడానికి వీలైన తీగతోనో కట్టి, చెట్టు లావెక్కేకొద్దీ ఏడాదికి ఒకసారి సడలించాలి, లేకుంటే అది బెరడులోకి దిగి చెట్టునే చంపుతుంది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: అడుగు ఎత్తులోనే కొమ్మలు చీలిన చెట్టుకు, గోడను ఆనుకుని ఉన్న చెట్టుకు ఈ రేకు దండగ. మీ సీతాఫలం గోడ పక్కనే ఉందన్నారు కనుక దానికి ఖర్చు పెట్టకండి.

ఇక కాయ దక్కకుండా చూడడంలో అన్నిటికంటే చౌకైన ఉపాయాన్ని మనవాళ్ళు ఎక్కువగా మరచిపోతారు. అది సరైన సమయానికి కోయడం. జామ, సపోటా, సీతాఫలం, మామిడి చెట్టు నుంచి కోసిన తరువాత కూడా పండుతాయి. జామకాయ ముదురు ఆకుపచ్చ పోయి లేత రంగుకు తిరగగానే, సీతాఫలం కళ్ళు విచ్చుకుని మధ్య గీతలు తెల్లబడగానే, సపోటా మీది పొట్టు రాలి గోరుతో గీకితే కింద పచ్చదనం కనిపించని స్థితికి రాగానే కోసి ఇంట్లో పండబెట్టుకోవచ్చు. చెట్టు మీదనే పండి వాసన వచ్చే దాకా ఆగితే ఆ వాసన మీ కంటే ముందు వాటికి అందుతుంది. రోజూ పొద్దున ఒక్కసారి చెట్టు చూసి, తయారైన కాయలను కోసేస్తే మీ నష్టంలో చాలా భాగం అక్కడే తగ్గిపోతుంది. దానిమ్మ మాత్రం ఈ లెక్కకు రాదు. అది కోశాక పండదు, చెట్టు మీదనే పూర్తిగా పండాలి.

అందుకని మీ సంచులు, జాలి ముందుగా దానిమ్మకు వాడండి. జామకు పిందె నిమ్మకాయంత అయినప్పుడు నాన్ వోవెన్ (నేయని) గుడ్డ సంచి కట్టడం ఇప్పుడు అందరికీ తెలిసిన పద్ధతే. దానివల్ల పండు ఈగ కూడా దూరంగా ఉంటుంది, ఆ లాభం ఉడుత లాభం కంటే పెద్దదని నా అభిప్రాయం. అయితే గుడ్డ సంచిని, కాగితం సంచిని, దోమతెర ముక్కను ఉడుత కొరకగలదు. లోపల కాయ ఉందని ఒకసారి తెలిస్తే తప్పక కొరుకుతుంది. కాయలు తక్కువగా కాసే దానిమ్మకు అర అంగుళం కన్నుల ఇనుప జాలిని ముక్కలుగా కత్తిరించి చిన్న బుట్టల్లా మలచి, కాయకు తగలకుండా రెండు వేళ్ళ ఎడంతో కట్టుకుంటే అవి ఏళ్ళ తరబడి పనికొస్తాయి. అంగుళం కన్నుల జాలి వద్దు, అందులోంచి ఉడుత దూరుతుంది.

చెట్టు మొత్తానికి వల కప్పుతామని కొందరు అంటారు. పాత చేపల వల కప్పే అలవాటు మన చెరువుల పక్క ఊళ్ళలో ఉంది. దయచేసి దానిని మానుకోండి. సన్నని నైలాన్ దారంలో ఉడుత కాలు, పిట్ట రెక్క చిక్కుకుంటాయి. నేల మీద వేలాడే అంచులో జెర్రిపోతు చిక్కి చనిపోవడం మామూలు విషయమైపోయింది. ఎలుకలను తిని మనకు మేలు చేసే పాము అది. వల తప్పదనుకుంటే దళసరి దారంతో అల్లిన తెల్ల వలను కర్రల మీద బిగుతుగా, కొమ్మలకు ఎడంగా కట్టి, అంచులను నేలలో పాతి, రోజుకు రెండుసార్లు చూస్తామంటేనే వేయాలి.

కారం నీళ్ళ గురించి చాలామంది అడుగుతారు కనుక ఇక్కడే చెబుతాను. మిరపలోని ఘాటు పాలిచ్చే జంతువుల నోటికే మంట పుట్టిస్తుంది, పక్షులకు ఆ మంట తెలియదు. కాబట్టి కారం నీళ్ళు ఉడుతకు కొంతవరకు పనిచేస్తాయి, చిలుకకు బొత్తిగా పనిచేయవు. ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉన్నవారికి మిరపకాయల కొదువ లేదు గాని రకం చూసుకోవాలి. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటా మిరప రంగుకు పేరు పొందింది, దాని కారం తక్కువ. దానితో నీళ్ళు కాచి చల్లితే కాయలకు ఎర్ర మరకలు తప్ప ఫలితం ఉండదు. తేజ వంటి ఘాటు రకాన్ని గుప్పెడు తీసుకుని లీటరు నీటిలో మరిగించి, చల్లార్చి, వడకట్టి, గాలి లేని పూట కళ్ళకు అద్దాలు పెట్టుకుని చల్లండి. వాన పడితే మళ్ళీ చల్లాలి, కోసిన కాయను బాగా కడగాలి. వర్షాకాలపు కాపుకు ఈ శ్రమ గిట్టదు. చలికాలపు కాపుకు ప్రయత్నించవచ్చు. కలరా ఉండలు వేలాడదీయడం, చెవికి వినపడని శబ్దం చేసే యంత్రాలు కొనడం రెండూ డబ్బు దండగ. పైగా కలరా ఉండల ఆవిరి మనుషులకు హాని చేస్తుంది, పిల్లలు వాటిని మిఠాయి అనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు మందు ఉండల మాట. ఎలుకల మందుల్లో జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి పోగానే ఫాస్ఫీన్ అనే విష వాయువు పుట్టిస్తుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ బిళ్ళలు రక్తం గడ్డ కట్టకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతాయి. మందు తిని మందకొడిగా తిరుగుతున్న ఉడుతను పట్టి తిన్న పిల్లికి, గుడ్లగూబకు, డేగకు ఆ విషం సంక్రమిస్తుంది. పెరట్లో ఉంచిన పిండి ఉండను ముందుగా చూసేది ఉడుతే అన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కుక్కపిల్ల చూడవచ్చు, పక్కింటి పసివాడు చూడవచ్చు. పక్కింటివారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. మీ అత్తమ్మ గారికి నా నమస్కారాలు చెప్పి, సీతాఫలం చెట్టును మాత్రం ఉడుతలకు వదిలేయడానికి ఆమె పేరు మీద మీ ఆయనను ఒప్పించండి. గోడ పక్క చెట్టును కాపాడడం ఎలాగూ కష్టం. అక్కడ కడుపు నిండితే జామ మీద ఒత్తిడి కొంత తగ్గవచ్చు.

ప్రశ్న: మా స్నానాల గది వెంటిలేటర్‌లో ఉడుత గూడు పెట్టింది. కొబ్బరి పీచు, దూది, మా పాత చీర పీలికలు అందులో ఉన్నాయి. లోపల పిల్లల కిచకిచలు వినిపిస్తున్నాయి. తీసి చెట్టు కింద పెడితే తల్లి వచ్చి తీసుకుపోతుందా? మా పాప ఒక పిల్లను పెంచుకుంటానని మారాం చేస్తున్నది.
– కాజీపేట

జవాబు: ఇప్పుడు తీయకండి. తాటి ఉడుత ఈతకు సాధారణంగా రెండు మూడు పిల్లలను పెడుతుంది; కళ్ళు తెరవని, ఒంటి మీద వెంట్రుకలు సరిగా రాని స్థితిలో అవి పుడతాయి. సుమారు రెండు రెండున్నర నెలల వయసుకు పాలు మాని సొంతంగా తిరగడం మొదలుపెడతాయి. అన్నాళ్ళు ఓపిక పట్టి, పిల్లలు వెళ్ళిపోయాయని నిర్ధారించుకుని, గూటిని తీసేసి అదే రోజున వెంటిలేటర్‌కు అర అంగుళం ఇనుప జాలి బిగించండి. నిర్ధారణకు తేలికైన దారి ఒకటుంది: గూటి నోట్లో వార్తాపత్రిక ముక్కను వదులుగా కుక్కి, రెండు మూడు రోజుల పాటు అది కదలలేదంటే లోపల ఎవరూ లేరని అర్థం. లోపల పిల్లలు ఉండగా జాలి కొట్టేసిన ఇళ్ళలో వారం తిరిగేసరికి దుర్వాసన భరించలేక గోడ పగలగొట్టించుకున్న సంఘటనలు ఉన్నాయి.

ఇంటి మరమ్మతు వంటి కారణంతో ఇప్పుడే తీయక తప్పదంటే, పొద్దున పూట, వాన లేని రోజున, గూటి పీచుతో సహా పిల్లలను చిన్న అట్టపెట్టెలో పెట్టి అక్కడికి దగ్గరగా, పిల్లి అందుకోలేని ఎత్తున ఉంచి దూరంగా జరగండి. తల్లి ఒక్కొక్కదాన్ని నోట కరచుకుని మరో గూటికి చేరుస్తుంది. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాటకు భయపడకండి. చేతికి గుడ్డ చుట్టుకోవడం మీ చేతి క్షేమం కోసం.

పాప కోరిక గురించి. ఆవు పాలు, గేదె పాలు ఉడుత పిల్లలకు పడవు, విరేచనాలు పట్టుకుని చనిపోతాయి. పెద్దదైన తరువాత ఉడుతకు పళ్ళు నిరంతరం పెరుగుతూనే ఉంటాయి కనుక అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి, ఇంట్లో కరెంటు తీగలే దానికి దగ్గరగా దొరుకుతాయి. అడవి జీవిని పెంపుడు జంతువుగా ఉంచుకోవడాన్ని చట్టం కూడా మెచ్చదు. కిటికీలోంచి తల్లి రాకపోకలు చూపించండి, పాపకు అది చాలు.

ప్రశ్న: నర్సంపేట దగ్గర రెండెకరాల్లో కూరగాయలు వేశాను. ఎండాకాలంలో డ్రిప్ లాటరల్ పైపులను (మొక్కల వరుసల వెంట పరిచే సన్న పైపులను) ఉడుతలు, ఎలుకలు కొరికేస్తున్నాయి. పైపు మార్చీ మార్చీ విసిగిపోయాను.
– ఒక రైతు

జవాబు: మార్చి నుంచి మే వరకు మాత్రమే ఈ నష్టం ఎక్కువగా ఉంటుందని మీరే గమనించి ఉంటారు. అవి పైపు కొరికేది నీటి కోసం. పైపులో కదిలే నీటి శబ్దం, చుక్క పడే చోట తడి వాటిని పిలుస్తాయి. గట్ల వెంట, చెట్ల నీడన అక్కడక్కడ మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి ఉంచి, డ్రిప్ నడిపే వేళకు ముందే వాటిని నింపండి. నీరు సులువుగా దొరికితే పైపు కొరికే అవసరం తగ్గుతుంది. వేసవిలో పొలం చుట్టుపక్కల కుంటలు ఎండిపోయిన ఏడాది ఈ పని తప్పనిసరి. దానితో పాటు వీలైన చోట లాటరల్‌ను రెండు మూడు అంగుళాల మట్టి కింద పూడ్చండి, పైపులు కొనేటప్పుడు గోడ మందం ఎక్కువ ఉన్నవి తీసుకోండి, గట్ల మీది కలుపు పొదలను తీసేయండి. తెగిన చోట కలపడానికి జాయినర్లు ఇంట్లో నిల్వ ఉంచుకుంటే పైపు మొత్తం మార్చే పని ఉండదు. పొలంలో కన్నాలు కనిపిస్తే అవి ఎలుకలవి. ఉడుత నేలలో కన్నం చేయదు. ఎలుకల నివారణకు మీ మండల వ్యవసాయ అధికారిని గాని, వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వారిని గాని అడిగి వారు చెప్పిన మోతాదులోనే మందు వాడండి, దానిని కన్నాల లోపలే పెట్టండి.

ప్రశ్న: మేము పరకాల వాసులం. ఇంగ్లండులో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ పిల్లి పిల్లంత బూడిద రంగు ఉడుతలను చూశాము. చారలు లేవు, తోక కుచ్చులా ఉంది. కోడలు పాతిన తులిప్ గడ్డలను తవ్వి తినేశాయి, పిట్టలకు పెట్టిన గింజలను ఖాళీ చేశాయి. బోను పెట్టి పట్టి దూరంగా వదిలేయమని మేము చెబితే, అలా వదలడం అక్కడ నేరమని అబ్బాయి అన్నాడు. ఇది నిజమేనా? జీవకారుణ్యం గురించి అంతగా మాట్లాడే దేశంలో ఉడుత మీద ఇంత కక్ష ఎందుకు?
– పరకాల

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. అక్కడ బోనులో పడిన బూడిద ఉడుతను మళ్ళీ బయట వదలడం చట్టవిరుద్ధం. పట్టినవారు దానిని బాధ లేకుండా చంపించవలసి ఉంటుంది. అందువల్ల చంపడానికి మనసొప్పని వారు అసలు బోనే పెట్టకూడదు.

ఆ కక్షకు కారణం ఉంది. బూడిద ఉడుత పుట్టిల్లు ఉత్తర అమెరికా ఖండపు తూర్పు భాగం. 1876లో ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో హెన్‌బరీ పార్కు అనే ఎస్టేటులో అలంకారం కోసం కొన్నింటిని వదిలారు. ఆ తరువాత మరికొందరు భూస్వాములు కూడా అదే పని చేశారు, 1911లో ఐర్లండుకు కూడా తీసుకువెళ్ళారు. ఆ దేశాల సొంత ఉడుత ఎర్రనిది, చిన్నది. మూడు వందల గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. బూడిద ఉడుత దానికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది, పచ్చి గింజలను కూడా అరిగించుకోగలదు. తిండి పోటీతో పాటు అది ఉడుత మశూచి అనే వైరస్‌ను మోసుకువచ్చింది. ఆ వైరస్ బూడిద ఉడుతను సాధారణంగా ఏమీ చేయదు, ఎర్ర ఉడుతకు సోకితే అది కొద్ది వారాల్లోనే చనిపోతుంది. ఇప్పుడు ఎర్ర ఉడుతలు ఎక్కువగా స్కాట్లండులో, ఇంగ్లండు ఉత్తర భాగంలో, వైట్ ద్వీపం, ఆంగ్లెసీ వంటి దీవుల్లో మిగిలాయి. బూడిద ఉడుత వేసవి మొదట్లో బీచ్, ఓక్ వంటి చెట్ల బెరడును ఒలిచి పాడు చేస్తుంది కనుక అడవులు పెంచేవారికీ అది శత్రువే. అదే ఉడుత అమెరికాలో సొంత జీవి, అక్కడి అడవిలో అది పాతి మరచిన గింజలే మొక్కలవుతాయి.

మనది మంచి ఉడుత, వాళ్ళది చెడ్డ ఉడుత అని దీనిని అర్థం చేసుకోకూడదు. మన అయిదు చారల ఉడుతలే 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ జంతుప్రదర్శనశాల నుంచి బయటపడి ఆ నగరంలో స్థిరపడ్డాయి, అక్కడివారు వాటిని బయటి నుంచి వచ్చిన పీడగానే చూస్తారు.

మీ కోడలికి ఉపయోగపడే మాటలు కొన్ని చెబుతాను. తులిప్, క్రోకస్ గడ్డలను పాతిన వెంటనే మీద కోళ్ళ జాలిని పరచి, దాని మీద మట్టి కప్పాలి. మొలక జాలి కన్నుల్లోంచి పైకి వస్తుంది, ఉడుత మాత్రం తవ్వలేదు. కొత్తగా కదిపిన మట్టే వాటిని ఆకర్షిస్తుంది కనుక పాతిన తరువాత మట్టిని తొక్కి గట్టిపరచి, గడ్డల పొట్టు ఏరి పారేయాలి. డాఫడిల్ గడ్డల్లో విషం ఉంటుంది కాబట్టి వాటిని ఉడుతలు సాధారణంగా ముట్టవు. పిట్టల గింజల గిన్నెను చెట్టుకు, గోడకు దూరంగా నున్నటి స్తంభం మీద పెట్టి, దాని కింద గరాటు ఆకారపు రేకును బోర్లించాలి. బూడిద ఉడుత మన ఉడుత కంటే చాలా దూరం దూకుతుంది, పది అడుగుల ఎడమైనా ఉండాలి. గింజలకు కారం పొడి కలపడం అక్కడ కూడా ఉన్న పద్ధతే. పైన చెప్పినట్లు పిట్టలకు మంట తెలియదు. ఈసారి వెళ్ళేటప్పుడు మీరు ఎలాగూ కారం పొడి తీసుకువెళ్తారు కదా, ఒక పొట్లం ఎక్కువ పట్టుకుపోండి. పొడి గాలికి లేచి మనుషుల కళ్ళల్లో, పిట్టల కళ్ళల్లో పడకుండా కొంచెం నూనెతో కలిపి పట్టించాలి.

ప్రశ్న: మా బాబు ఉడుతకు బిస్కెట్ అందిస్తుంటే వేలు కొరికింది. కుక్క కాటుకు వేయించినట్లు సూదులు వేయించాలా?
– జనగామ

జవాబు: గాయాన్ని వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. ఉడుతల వంటి చిన్న జీవుల్లో రేబిస్ దాదాపుగా కనిపించదు, వాటి నుంచి మనుషులకు సోకినట్లు కూడా తెలియదు. అయినా కాటును చూసి సూది అవసరమా కాదా అని నిర్ణయించవలసింది వైద్యుడే, ధనుర్వాతం టీకా గడువు కూడా ఆయనే చూస్తారు. అందువల్ల ఈ పత్రిక చేతికి వచ్చే దాకా ఆగి ఉంటే ఇప్పటికైనా ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఉడుతకు బిస్కెట్లు, చిప్స్ పెట్టడం మాన్పించండి. చేతితో తినిపించిన ఉడుతే తరువాత వంటింట్లోకి వస్తుంది.

ప్రశ్న: డాబా మీద కుండీల్లో గింజలు నాటితే మరునాటికి తవ్వి పోస్తున్నాయి. టమాటాలు ఎర్రబడగానే మాయమవుతున్నాయి.
– మట్టెవాడ, వరంగల్

జవాబు: గింజ మొలకెత్తి నాలుగు ఆకులు వేసే దాకా కుండీ మీద ఇనుప జాలి ముక్కను వంచి మూతలా పెట్టండి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు ఉంచండి. చిక్కుడు, వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలకు ఇది తప్పనిసరి. మెంతి, తోటకూర గింజల జోలికి అవి అంతగా రావు. టమాటా అడుగున లేత గులాబీ రంగు కనిపించిన రోజునే కోసి గది లోపల పండించుకోండి, రుచిలో పెద్దగా తేడా ఉండదు. పక్షుల కోసం డాబా మీద నూకలు చల్లే అలవాటు మీకు ఉంటే, కుండీలకు దూరంగా ఉన్న మూలకు దానిని మార్చి, చీకటి పడకముందే మిగిలిన నూకలు ఊడ్చేయండి. లేకుంటే రాత్రికి ఎలుకలు వస్తాయి. నీళ్ళ ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో కూడా ఇదే పనిలో చూసుకోండి. ఎండాకాలంలో నీటి కోసం దిగి పైకి ఎక్కలేక ఉడుతలు ట్యాంకుల్లో పడి చనిపోతుంటాయి, ఆ నీళ్ళే నల్లాలోకి వస్తాయి.